స్తంభం మీద రాగి గాటు

కిందటి వారం కామ్షత్‌ను ఓమిర్జాక్ ఇంటి గేటు ముందు, కరుగుతున్న మంచు బురదలో నిలబెట్టి వచ్చాం. వారమంతా పాపం అక్కడే ఉందని జాలిపడకండి. ఆమె ఇంకా గేటు గొళ్ళెం మీద చెయ్యి కూడా వెయ్యలేదు. చేతిలో గుడ్డ కప్పిన బౌర్సాక్‌ల గిన్నె ఉంది. పొద్దున నూనెలో వేయించినప్పుడు పొంగి వేడిగా ఉన్నవి ఇప్పుడు చల్లారి గట్టిపడ్డాయి. ఆమె ధైర్యం కూడా ఇంచుమించు అలాగే ఉంది.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. కామ్షత్ కరతాస్ జంక్షన్‌లో, వ్యాగన్లు బాగుచేసే షెడ్డులో వెల్డరు. ఆమె మొగుడు ఎస్బోల్ అదే షెడ్డులో ఎలక్ట్రీషియన్. ప్రస్తుతం జైల్లో ఉన్నాడు. షెడ్డుకి కొత్తగా వచ్చిన పెద్ద వెల్డింగ్ మెషీన్‌ని నిలబెట్టింది అతనే. ఆ మెషీన్ మీద చెయ్యి వేసి ప్రాణం పోగొట్టుకున్నవాడు సాయిన్, ముసలి మేస్త్రీ ఓమిర్జాక్ ఒక్కగానొక్క కొడుకు. పోలీసులు అడగకముందే ఎస్బోల్ చెప్పేశాడు: "ఎర్త్ వైరు బిగించడం మర్చిపోయాను." రేపు కోర్టు.

మర్చిపోయాడట. పడుకున్నాక కూడా లేచివెళ్ళి గ్యాసు పొయ్యి మళ్ళీ చూసొచ్చే మనిషి. తలుపుకి తాళం వేశాక దాన్ని లాగి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి మళ్ళీ లాగే మనిషి. షెడ్డులో ఒక్కరు కూడా ఆ మాట నమ్మలేదు, పైవాళ్ళు తప్ప. పైవాళ్ళకి నమ్మడం సుఖంగా ఉంది. ఒకడు ఒప్పుకున్నాక వెతకడమెందుకని, దర్యాప్తు వాళ్ళు వచ్చేలోపే ఎర్త్ వైరున్న పాత కేబులు పీకి చెత్తలో పారేయించి, కొత్తది వేయించి, గోడకి సున్నం కూడా కొట్టించారు.

ఆ చెత్తకుప్పలోంచే ఓమిర్జాక్ కాలిన కేబులు ముక్కొకటి ఏరి, కోటు కింద దాచుకుని ఇంటికి పట్టుకెళ్ళాడని స్టోర్లో పనిచేసే ఆవిడ కిందటి వారం కామ్షత్ చెవిలో ఊదింది. అంతే, ఆమె బుర్రలో చిక్కుముడి విడిపోయింది. ఎర్త్ వైరు కాలిందంటే, అది బిగించి ఉన్నట్టే కదా. మరి దాన్ని కాల్చిందెవరు?

ఆ జవాబు కూడా ఆమెకి తెలుసు. తెలుసు కాబట్టే గొళ్ళెం మీద చెయ్యి పడటంలేదు.

వెల్డింగ్ కరెంటు మెషీన్ నుంచి ఒక కేబులు గుండా రాడ్డుకి వస్తుంది, ఇంకో కేబులు గుండా మెషీన్‌కి తిరిగి పోతుంది. తిరిగిపోయే కేబులు చివర ఉన్న క్లాంపుని మనం అతికే ఇనుముకే తగిలించాలి. చెప్పుకోవడానికి ఇంత తేలిక. కానీ చలికాలం ఆ కేబులు కర్రలా బిగుసుకుపోతుంది. దాన్ని వ్యాగన్ చుట్టూ ఈడ్చుకెళ్ళేసరికి నడుములు పడిపోతాయి. అందుకే ఓమిర్జాక్ వయసులో ఉన్నప్పుడెప్పుడో ఒక సులువు కనిపెట్టాడు. "పట్టా ఇనుమే, స్తంభం ఇనుమే, షెడ్డంతా ఒకటే ఇనుము. దగ్గర్లో ఉన్నదానికి తగిలించెయ్యి, కరెంటు తన దారి తనే వెతుక్కుంటుంది" అనేవాడు. షెడ్డులో ప్రతి వెల్డరూ, మర్యాదగా ఓమెకే అని పిలుస్తూ, ఆయన చేతికింద నేర్చుకున్నవాళ్ళే. కామ్షత్ కూడా. అందరి క్లాంపులూ స్తంభాలకే వేళ్ళాడేవి.

ఎస్బోల్‌కి అది చూస్తే ఒళ్ళు మండేది. కొత్త మెషీన్ బిగించిన రోజు అందర్నీ చుట్టూ నిలబెట్టి, వద్దన్నా వినకుండా పాఠం చెప్పాడు. వెనక ఫ్యాన్‌కి గాలి ఆడాలి, గోడకి ఆనించకండి. కేబుళ్ళు దాని మీద చుట్టబెట్టకండి. పని మొదలెట్టే ముందు కేబులు పొడుగునా చూసుకోండి, పగిలిందేమోనని. తడి చేతి తొడుగుతో ముట్టుకోకండి. తర్వాత స్తంభాన్ని స్పానర్‌తో ఠంగున కొట్టి చూపించాడు. "కరెంటు దారి వెతుక్కుంటుందని ఓమెకే అన్న మాట నిజమే. ఏ దారి దొరికితే ఆ దారినే పోతుంది. మనకి చెప్పి పోదు" అన్నాడు. కొత్త మెషీన్ తాలూకు క్లాంపుని ఎవరూ స్తంభం దాకా లాక్కెళ్ళకుండా ఏకంగా పనిబల్లకే బోల్టు వేసి బిగించేశాడు. అందరూ నవ్వారు. పెళ్ళాం అందరికంటే గట్టిగా నవ్వింది. అంతకు కొన్నాళ్ళ ముందు, మార్చిలో ఆడవాళ్ళ పండుగకి, ఊళ్ళో మొగుళ్ళంతా పెళ్ళాలకి పూలు తెస్తే, ఎస్బోల్ తన పెళ్ళానికి సొంతంగా చేసిన క్లాంపు తెచ్చాడు. రాగి దవడలు, చక్కగా సానపెట్టిన పళ్ళు. వదులు క్లాంపు వేడెక్కుతుంది, ఇది గట్టిగా కరుస్తుంది, అన్నాడు. "మా ఆయన తులిప్ పూలు తెచ్చాడు, మీ ఆయన పళ్ళసెట్టు తెచ్చాడు" అని షెడ్డులో ఆడవాళ్ళు ఏడాది పొడుగునా ఏడిపించారు.

పాపం ఎస్బోల్. అతను చెప్పినట్టే అయింది. ఆ కొత్త మెషీన్‌ని పట్టాల మీద పరిచిన ఇనపపలక మీద నిలబెట్టారు. దాని ఎర్త్ వైరు కరెంటు కేబులు లోపలే పోయి, స్తంభానికున్న స్విచ్ పెట్టెకి బిగించి ఉంది. తమ పాత మెషీన్ క్లాంపుని స్తంభానికి తగిలించి ఎవరో పక్కనున్న వ్యాగన్‌ని అతికారు. ఆ పెద్ద కరెంటంతా వ్యాగన్లోంచి పట్టాకి, పట్టాలోంచి పలకకి, పలకలోంచి కొత్త మెషీన్‌కి పోయి, వేలెడు లావు కూడా లేని ఎర్త్ వైరులోంచి స్తంభానికి తిరిగింది. వైరు ఎర్రగా కాగి, పక్కనున్న వైరు తొడుగుని కరిగించి, చివరికి తను తెగిపోయింది. కాపాడాల్సిన వైరు పోయింది, కరెంటొచ్చి మెషీన్ ఒంటికి తగులుకుంది. మధ్యాహ్నం సాయిన్ తిండి తినొచ్చి, మంచుకి తడిసిన తొడుగుతో దాని మీద చెయ్యి వేశాడు.

మెషీన్‌కి దగ్గర స్తంభం ఓమిర్జాక్‌ది. ఆ స్తంభం పక్కనే వెల్డింగ్ వెలుగుకి అడ్డంగా ఆయన తెర, తెర వెనక ఆయన వెల్డింగ్ ముసుగు, ఆయన పని. కొడుకుని తండ్రి చేతి అలవాటే చంపింది. ఆ సంగతి తండ్రికి చెప్పాలి, చెప్పి, రేపు కోర్టులో ఆయన చేతే చెప్పించాలి. లేకపోతే ఎస్బోల్ చెయ్యని తప్పుకి ఏళ్ళకేళ్ళు లోపల ఉంటాడు.

ఇంతకంటే పాడు పని మనిషికి ఇంకొకటి ఉంటుందా? కామ్షత్ గొళ్ళెం తీసింది.

* * *

నలభయ్యో దినం దాకా చావింట్లో తిండి వడ్డించడానికి నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ ఎత్తరు. పళ్ళెం నిండా రొట్టె, గట్టి పెరుగుండలైన కుర్త్, వెన్న ఎప్పుడూ ఉంటాయి. ఎవరొచ్చినా కూర్చోబెట్టాలి, అది పగవాడి పెళ్ళామైనా సరే. ఓమిర్జాక్ గోడకి ఆనించిన దిండు మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన ఆమె అడుగుల చప్పుడు వైపు తల తిప్పి, లోపలికి రమ్మని, అతిథిని గౌరవంగా కూర్చోబెట్టే పైచోటు చూపించాడు. దస్తర్‌ఖాన్ కింది కొసన, టీ నీళ్ళు కాగే సమోవార్ పక్కన, సాయిన్ భార్య అక్మరాల్ కూర్చుంది. తలగుడ్డ నుదుటి దాకా లాక్కుని ఉంది. ఖననం నాటి నుంచి ఆమె కామ్షత్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. కానీ టీ పోసింది. పాలతో కలిపి గిన్నెలో మూడో వంతే. అతిథికి పోసే పద్ధతే అది. కొంచెం కొంచెంగా పోస్తే ఇంకాసేపు కూర్చోమని అర్థం, మళ్ళీ మళ్ళీ పోస్తామని అర్థం. అంచుదాకా పోశారంటే మాత్రం తాగి దయచెయ్యమని. అక్మరాల్ నోరు విప్పదు గానీ మర్యాద తప్పదు.

కామ్షత్ రొట్టె తుంచి నోట్లో వేసుకుంది, టీ తాగింది, ఖాళీ గిన్నె తిరిగి ఇచ్చింది. మళ్ళీ మూడో వంతు వచ్చింది. బురద గురించి మాట్లాడుకున్నారు. ఈ ఏడు గొర్రెలు తొందరగా ఈనుతున్నాయని ముసలాయన అన్నాడు. అవునంది. బయట గూడ్సు బండి పోతుంటే గిన్నెలు గలగలలాడాయి. అది పోయేదాకా ఇద్దరూ ఊరుకున్నారు. బతుకంతా ఆ బండ్లతోనే గడిచినవాళ్ళకి అదొక మంచి వంక.

ఆ నేల మీద చావు కబురు మొహం మీద చెప్పరు. నలుగురు పెద్దలు వచ్చి కూర్చుని, టీ తాగి, గాలీ వానా మాట్లాడి, ఎక్కడిదో ఒక కథ ఎత్తుకుంటారు. తిరిగిరాని కొంగ గురించో, మధ్యకి విరిగిన గుడారపు వాసం గురించో. వినేవాడు ఎక్కడో ఒకచోట ఆగిపోతాడు. అది తన ఇంటి కథేనని తనంతట తనే తెలుసుకుంటాడు. ఎస్తిర్తు అంటారు దాన్ని. సాయిన్ పోయిన రోజు ఓమిర్జాక్‌కి ఆ పాటి దయ కూడా దక్కలేదు. షెడ్డు గేటు దగ్గరే ఎవడో తొందరపడి "మీవాడు పోయాడు" అనేశాడు. కనీసం ఈ రెండో కబురైనా పద్ధతిగా చెప్పాలని కామ్షత్ దారంతా ఒక కథ అల్లుకుంటూ వచ్చింది.

"ఓమెకే, మా అమ్మమ్మ ఒక డేగవేటగాడి కథ చెప్పేది" అంది.

ముసలాయన చేతిలో ఒక కుర్త్ ఉండ పట్టుకుని వేళ్ళతో దొర్లిస్తున్నాడు. అది ఆగింది. "చెప్పు కెలిన్" అన్నాడు. ఊరి కోడళ్ళందరూ పెద్దవాళ్ళకి కెలిన్‌లే; ఆ పిలుపులో ఈరోజు కూడా ఎప్పటి మెత్తదనమే ఉండటం ఆమెకి గుచ్చుకుంది.

ఆమె చెప్పింది. ఒక కొండవాలులో ఒక వేటగాడు ఉండేవాడు. అంత మంచి వేటగాడు ఆ చుట్టుపట్ల లేడు. తన డేగకి ఆయన ఒకటే నేర్పాడు: నక్కబొచ్చు ఎక్కడ కదిలినా వాలాలి, అది ఎవరిదని చూడక్కర్లేదు. ఏళ్ళ తరబడి ఆ చదువు ఆ ఇంటిని మేపింది. ఒక చలికాలం పొద్దున కొడుకు నక్కబొచ్చు టోపీ పెట్టుకుని లోయలో నడిచి వస్తున్నాడు. వేటగాడు పైన గుర్రం మీదున్నాడు. డేగ తన చదువు తను మర్చిపోలేదు.

అక్కడితో ఆపింది. కథలో ఆ పైన చెప్పకూడదు. అక్మరాల్ సమోవార్ మూత సరిచేసింది. కామ్షత్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ ముసలి మొహం ఎప్పుడు కూలుతుందా అని ఎదురు చూసింది.

మొహం కూలలేదు. ఓమిర్జాక్ చాలాసేపు తలాడించాడు, మంచి పాట విన్నవాడిలా.

"బాగా చెప్పావు. ఇంత పద్ధతిగా చెప్పేవాళ్ళు ఈ రోజుల్లో లేరు. కానీ ఒక్కచోట తప్పిపోయావు, బిడ్డా."

"ఎక్కడ ఓమెకే?"

"నీ డేగకి కళ్ళు లేవు."

ఆమెకి అర్థం కాలేదు. ఆయన తన మొహం ఆమె వైపు తిప్పాడు. కిటికీ వెలుగులో ఆ కళ్ళు పాల మీది మీగడలా ఉన్నాయి. ఇన్నాళ్ళూ టోపీ కిందకి లాక్కుని తిరుగుతుంటే, కొడుకు పోయిన దుఃఖం అనుకున్నారు అందరూ. అంతకుముందు అది మేస్త్రీ గర్వం అనుకున్నారు.

ఆయన నెమ్మదిగా, అక్కడక్కడ ఆగుతూ చెప్పుకొచ్చాడు. నిరుటి చలికాలం నుంచీ తను ఒక్క రాడ్డు కూడా అంటించలేదు. ఆ వెలుగు చూసీ చూసీ కళ్ళు పోయాయి, ముక్కుకి ఆనించుకుంటే తప్ప ఏదీ కనబడదు. తెలిస్తే ఇంటికి పంపేస్తారు. షెడ్డు లేని తను ఎవరు? అందుకని సాయిన్ తండ్రి ముసుగు పెట్టుకుని, తండ్రి తెర వెనక, తండ్రి పని కూడా చేసేవాడు. తను ఆ మూల పీట మీద కూర్చుని రాడ్ల చప్పుడు వింటూ, అతుకు సరిగ్గా పడుతోందో లేదో చెవితో చెప్పేవాడు. చనిపోయిన రోజు సాయిన్ తల మీదున్న ముసుగు తండ్రిదే. అరువు తెచ్చుకున్నాడనుకున్నారు.

"ఆ పొద్దున నేను పీట మీద కూడా లేను. జిల్లా ఆస్పత్రిలో కంట్లో చుక్కలేయించుకుని గోడకానుకుని కూచున్నాను. బస్సు దిగి వస్తుంటే గేటు దగ్గర చెప్పారు."

కామ్షత్ దారంతా మోసుకొచ్చిన కథ చేతిలో విరిగిపోయింది. ఆయన కాకపోతే, తెర వెనకున్నది సాయినే అయితే... ఆ మాట నోటికి రాకముందే ముసలాయన చెయ్యెత్తాడు. "నీకొచ్చిన అనుమానం నాకూ వచ్చింది. నాకు ముందే వచ్చింది" అన్నాడు. "కానీ మావాడు ఆ కొత్త మెషీన్ వచ్చినప్పటి నుంచీ దాంతోనే చేశాడు. దాని క్లాంపుని మీ ఆయన బల్లకి బోల్టేశాడు కదా. ఖననం అయిన మర్నాడు వెళ్ళి తడిమి చూశా. బోల్టు వేసింది వేసినట్టే ఉంది."

"మరి ఎవరు ఓమెకే?"

ముసలాయన కోడలు అందించిన గిన్నె రెండు చేతులా పట్టుకుని ఒక గుక్క తాగాడు. తర్వాత, "ఇప్పుడు నా కథ విను" అన్నాడు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. ఎస్తిర్తు చెయ్యడానికి వచ్చిన మనిషి, తనకే ఎస్తిర్తు మొదలైందని ఆ క్షణాన గ్రహించలేదు. ముసలితనానికి కథలంటే ఇష్టం అనుకుంది, విసుగు కూడా పడింది.

ఆయన కథలో వేసవి మేత నేల ఉంది, గాలి ఉంది, ఒక ఆలుమగలున్నారు. మొగుడు ఆ గుంపులో అందరి గుడారాలూ నిలబెట్టేవాడు. ప్రతి తాడూ కట్టాక మళ్ళీ లాగి చూసేవాడు. పొరుగువాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. భార్య చురుకైన మనిషి, పనిమంతురాలు, రెండు చేతులా పని. ఒకనాడు పొద్దున గొర్రెపిల్ల తప్పించుకుని పరిగెత్తబోతే, దాన్ని కట్టడానికి తాడు కావలసొచ్చింది. తాడు ఇంట్లో ఉంది. ఇల్లు దూరం, చలి. పక్కనే పొరుగింటి గుడారపు తాడు ఉంది.

"ఒక్క క్షణమే కదా అనుకుంది. ఒక్క ముడే కదా అనుకుంది" అన్నాడు ఓమిర్జాక్.

కామ్షత్ చేతిలో గిన్నె ఉంది. అది ఉన్నట్టుండి బరువెక్కినట్టయింది. ఒక్క ముడే కదా. ఆ మాట ఆమె ఎక్కడో విన్నది. ఎక్కడో కాదు, తన నోటి నుంచే. సాయిన్ పోయిన రోజు పొద్దున పక్కనున్న ఆ వ్యాగన్ తలుపు బందు ఊడి వేళ్ళాడుతోంది. దాన్ని బయటికి లాగడానికి ఇంజను వచ్చి నిలబడి కూత వేస్తోంది. కేబులు రాత్రి మంచుకి బిగుసుకుని ఉంది. వ్యాగన్ అవతలి వైపుకి ఈడ్వాలి. దగ్గర్లో ఓమిర్జాక్ స్తంభం ఉంది. ఒక్క అతుకే కదా.

"పిల్లని కట్టేసి, తాడు మళ్ళీ ఎక్కడిదక్కడ కట్టేసింది. ఆమెకసలు గుర్తు కూడా లేదు. తప్పని తెలిస్తే కదా గుర్తుండటానికి" అంటున్నాడు ముసలాయన. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కామ్షత్‌కి ఊపిరాడేది. "మధ్యాహ్నం గాలి లేచింది."

"ఆ పొరుగింట్లో..." అంది.

"ఒక్కడే కొడుకు."

"మొగుడేమన్నాడు ఓమెకే?"

"వచ్చి చూశాడు. తాడు మీద ముడి చూశాడు. ఆ ముడి అలా వేసే చెయ్యి ఒక్కటే ఉంది ఆ గుంపులో. వాడే నేర్పాడు ఆ ముడి. చూసి, వెనక్కి తిరిగి, అందరితోటీ చెప్పాడు. తాడు నేనే వదులుగా కట్టాను, మర్చిపోయాను, అని."

కామ్షత్ గిన్నె కింద పెట్టింది. పెట్టిందనుకుంది, అది పక్కకి ఒరిగి, టీ దస్తర్‌ఖాన్ మీద పారింది. ఎవరూ తుడవలేదు.

ఎస్బోల్ ఆ రోజు స్విచ్చి దించేసి, సాయిన్ గుండె మీద చేతులుంచి నొక్కి నొక్కి, ఇక లాభం లేదన్నాక లేచి, స్తంభం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆమె చూసింది. ఏడుపు దాచుకోవడానికి అటు తిరిగాడనుకుంది. జైల్లో చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆమె గాజుపలక మీద కొట్టి, అబద్ధమెందుకు చెప్పావని అరిస్తే, పిల్లలు సరిగ్గా తింటున్నారా అని అడిగాడు. నీ క్లాంపు పారెయ్, దాని పళ్ళు అరిగాయి, అన్నాడు. అప్పుడు అంత కోపంలోనూ ఆమెకి నవ్వొచ్చింది. జైల్లో కూచుని కూడా క్లాంపు గోలేనా అనుకుంది.

"స్తంభం మీద గాటు ఉందా?" అని అడిగింది.

ఉండేది, అన్నాడు ఓమిర్జాక్. ఆ స్తంభం మీద తన క్లాంపు గాట్లు ఇన్నేళ్ళవీ ఉన్నాయి, అన్నీ తుప్పు పట్టి నున్నబడ్డవి. వాటి మధ్య వేలికి కొత్తది తగిలింది. పదునుగా, లోతుగా. భూతద్దం పెట్టి, కళ్ళు దగ్గరగా ఆనించి చూస్తే ఎర్రటి మెరుపు ఇంకా మిగిలి ఉంది. రాగి. షెడ్డు మొత్తంలో రాగి పళ్ళ క్లాంపు ఎవరిదో గుడ్డివాడికి కూడా తెలుసు.

కానుకగా ఇచ్చిన క్లాంపు. అంత గట్టిగా కరవకపోతే అంత కరెంటు పోయేది కాదేమో. వదులు క్లాంపైతే చిటపటలాడి, ఆమె విసుక్కుని తీసేసేదేమో. ఎస్బోల్ దానికి అంత బాగా సానపెట్టాడు.

"ఆకురాయితో అరగదీసేశాను. పైన గ్రీజు పూశాను" అన్నాడు ముసలాయన.

"ఎందుకు?"

"మీ ఆయన అబద్ధమెందుకు ఆడాడో నాకు అక్కడే తెలిసిపోయింది. వాడు అంత కష్టపడి చెప్పిన అబద్ధాన్ని నేను పాడుచేస్తే ఎట్లా అనిపించింది. పైగా స్తంభానికి తగిలించమని నేర్పింది ఎవరు? నేను. నేనే తగిలించానని చెప్దామనుకున్నాను కూడా. కానీ ఆ పొద్దున ఆస్పత్రిలో నన్ను పేరు పెట్టి పిలిచి చుక్కలేశారు. నా అబద్ధం ఒక్క పూట కూడా నిలవదు." కుర్త్ ఉండ ఆయన వేళ్ళ మధ్య పొడి అయింది. "నువ్వు నా మీదికి వస్తున్నావని విన్నాను. రానిద్దాం అనుకున్నాను. కానీ రేపు కోర్టులో నిలబడి స్తంభం మాట ఎత్తితే, తెలియక నీ చెయ్యి నువ్వే చూపించుకుంటావు. ఆ మాట పదిమందిలో వినడం కంటే ఇక్కడ, టీ తాగుతూ వినడం నయం."

దయ అంటే ఇదా. కామ్షత్‌కి ఆ దయ కింద నలిగి చచ్చిపోవాలనిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎందుకంటారు; ఆమె చేతులు కాలలేదు, ఇంకొకరివి కాలాయి, అదే ఆమెకి నరకం. వెళ్తాను, ఇప్పుడే దర్యాప్తు ఆఫీసుకి వెళ్ళి చెప్తాను, అంది. లేవబోయింది.

చెప్పు, అన్నాడు ఓమిర్జాక్. చెప్తే ఏమవుతుంది? గాటు లేదు. మొగుణ్ణి విడిపించుకోవడానికి పెళ్ళాం అల్లిన కథ అంటారు. కేబులు ముక్క ఉంది, పెట్టెలో. దాంతో వైరు ఉందనే తేలుతుంది గానీ, కాల్చిందెవరో తేలదు. ఎస్బోల్ తన మాట వెనక్కి తీసుకోడు. ఆ మొండివాడి సంగతి నీకే బాగా తెలుసు. ఒకవేళ అంతా నమ్మారే అనుకో, అబద్ధమాడినందుకు వాడూ, చేసినందుకు నువ్వూ. పిల్లలు ఎవరి దగ్గర?

ఆయన ఒక్కొక్క దారీ చూపిస్తూ, ఒక్కొక్కటే మూసేశాడు. ఊరుకుంటే ఎస్బోల్ లోపల. మాట్లాడితే ఇద్దరూ లోపల. ఏం చేసినా సాయిన్ మట్టి కింద. మూడింటిలో ఒకటి కూడా మారేది కాదు. ఒక్క తోవ ఉండేది: చనిపోయినవాడి తరఫు మనిషి కోర్టులో క్షమించానని అంటే శిక్ష తగ్గుతుందని వకీలు చెప్పాడు. ఆ మనిషి అక్మరాల్. ఎస్బోల్ తల్లి వచ్చి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నా ఆమె ఆ మాట అనలేదు.

ఆ అక్మరాల్ ఇక్కడే, సమోవార్ పక్కనే, మొదటి నుంచీ కూర్చుని ఉందన్న సంగతి కామ్షత్‌కి అప్పుడు గుర్తొచ్చింది. టీ పోసే కోడలు గదిలో ఉన్నా లేనట్టే కదా. రెండు కథలూ వింది. రెండోది ఎవరి ఇంటి కథో ఆమెకి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఆ ఒక్కడే కొడుకు ఆమెకి మొగుడు.

ముసలాయన కూడా ఆ వైపు తల తిప్పాడు. ఆయన మొహంలో మొదటిసారి భయం కనిపించింది. కామ్షత్‌కి చెప్పాలన్న తొందరలో ఆయన కోడల్ని మర్చిపోయాడు. కళ్ళు లేనివాడికి చప్పుడు చెయ్యని మనిషి కనబడదు.

అక్మరాల్ ఒరిగిన గిన్నెని తీసుకుంది. తలగుడ్డ కొసతో తుడిచింది. పాలు పోసింది, డికాషను పోసింది, సమోవార్ కుళాయి తిప్పింది. మూడో వంతు నిండింది. ఆమె చెయ్యి కుళాయి మీద నుంచి తీయలేదు. సగమైంది. ఓమిర్జాక్‌కి నీళ్ళ శబ్దం మారడం వినిపించింది. "కెలిన్" అన్నాడు నెమ్మదిగా. ఆమె వినలేదు. గిన్నె అంచుదాకా నిండి, పైన వంపు తేలి, ఇంకొక్క చుక్క పడితే ఒలికిపోతుందన్నప్పుడు కుళాయి కట్టేసింది. రెండు చేతులా ఎత్తి, దస్తర్‌ఖాన్ మీదుగా జరిగి వచ్చి, కామ్షత్ ముందు పెట్టింది.

చుక్క ఒలకలేదు. చెయ్యి అంత స్థిరంగా ఉంది.

"తాగు అప్కే" అంది. అన్ని రోజుల తర్వాత అదే మొదటి మాట. అక్కని పిలిచినట్టే పిలిచింది, అంతకుముందు షెడ్డులో తిండి డబ్బాలు పంచుకున్నప్పుడు పిలిచినట్టే. "రేపు జడ్జి నన్ను అడుగుతాడట, క్షమించావా అని. అవునని అందామనే అనుకున్నాను పొద్దున. మీ ఆయన నా మొగుడి గుండె మీద చేతులుంచి ఎంతసేపు నొక్కాడో నేనూ విన్నాను." ఆమె తలగుడ్డ సర్దుకుంది. "ఇప్పుడు అడిగితే, ఎవర్ని అని నేను తిరిగి అడగాలా, అవునని ఊరుకోవాలా? అది నువ్వే చెప్పి వెళ్ళు."

బయట ఇంకో గూడ్సు బండి వస్తోంది. దూరం నుంచే నేల కొద్దిగా వణుకుతోంది. గిన్నెలో టీ అంచు మీద సన్నగా కదిలింది. కామ్షత్ దాని మీదికి రెండు చేతులూ చాపింది గానీ, ఒలకకుండా ఎత్తడం ఎలాగో ఆమెకి తెలియలేదు.